పాత ఓనరు

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అని ఒక ఊరు. తెలుగువాళ్ళు బాగానే ఉన్న ఊరు. అక్కడ ఒక తెలుగు ఇంజనీరు ఉండేవాడు. పగలంతా కంప్యూటర్ ముందు ఉద్యోగం. రాత్రి అన్నం తిన్నాక గ్యారేజీ తలుపెత్తి లైటు వేసుకునేవాడు. లోపల 1973 నాటి డాట్సన్ 240జెడ్ నాలుగు ఇనప స్టాండ్ల మీద నిలబడి ఉండేది.

ఆ బండి పుట్టుక కాస్త చెప్పాలి. అది తెలిస్తేనే తర్వాత జరిగింది అర్థమవుతుంది. 1969 చివర్లో నిస్సాన్ కంపెనీ దీన్ని బయటికి తెచ్చింది. జపాన్‌లో దీని పేరు ఫెయిర్‌లేడీ జెడ్. అమెరికాలో నిస్సాన్ వ్యాపారం చూసిన యుటాకా కతయామా 240జెడ్ పేరుతో అక్కడి రోడ్ల మీదికి దించాడు. పొడుగాటి ముక్కు, వరసగా ఆరు సిలిండర్లు, 2,393 సీసీ ఇంజను, ఇద్దరికే సీట్లు, బరువు టన్నుకు కాస్త అటూ ఇటూ. ధర 3,526 డాలర్లు. అంత అందం, అంత వేగం ఉన్న యూరప్ బండి కావాలంటే ఇంకా చాలా పెట్టాల్సిన రోజులవి. జనం ఎగబడి కొన్నారు. అయితే చవగ్గా పుట్టిన బండికి ఒక గండం ఉంటుంది. పదేళ్ళు తిరిగేసరికి అది మరీ చవకైపోయి, డబ్బు తక్కువా ఉత్సాహం ఎక్కువా ఉన్న కుర్రాళ్ళ చేతుల్లో పడుతుంది. ఒకడు రేడియో పెడతాడు, ఇంకొకడు పొగలైట్లు పెడతాడు, మూడోవాడు డాష్‌బోర్డుకి చిల్లులు పొడిచి మీటర్లు బిగిస్తాడు. ఎవరూ చెడగొడదామని చేయరు. ముప్ఫై నలభై ఏళ్ళ తర్వాత కొన్నవాడికి మాత్రం అన్నీ కలిపి ఒకేసారి దొరుకుతాయి.

మన ఇంజనీరుకి అలాగే దొరికాయి. బ్యాటరీ పెట్టే పళ్ళెం కింద ఏళ్ళ తరబడి యాసిడ్ కారి రేకు జల్లెడైపోయింది. ఈ బండ్లలో ముందుగా తుప్పు పట్టే చోట్లలో అదొకటి, పొడి వాతావరణం ఉన్న ఊళ్ళో తిరిగిన బండికైనా తప్పదు. కాళ్ళ దగ్గర కార్పెట్ ఎత్తితే తారు. తారు గీకితే కింద వేరే రేకు, రివెట్లు కొట్టి అతికించినది. దాని కిందున్న అసలు రేకు వేలితో నొక్కితే పొడిగా రాలింది. స్టీరింగ్ కింద చెయ్యి పెడితే ఎర్ర వైర్ల చిక్కు. అన్నీ ఎరుపే. ఏది రేడియోకి, ఏది పొగలైటుకి, ఏది తెగిపోయి ఊరికే వేలాడుతోందో తెలియదు.

"ఏ దరిద్రుడు చేశాడో ఈ పని!" అనేవాడు. రోజూ అనేవాడు. ఆ బండికి ఎందరో ఓనర్లు ఉండి ఉంటారు. అతని నోట్లో మాత్రం అందరూ కలిసి ఒక్కడే అయిపోయారు: పాత ఓనరు. తుప్పు పాత ఓనరు పాపం, చిల్లులు పాత ఓనరు పాపం, విరిగిన బోల్టు పాత ఓనరు పాపం.

ఆ రోజుల్లోనే అతని మేనమామ విజయవాడ నుంచి దిగాడు. కూతురికి పురుడు పోయడానికి అత్తయ్య వస్తే ఆమెతోపాటు వచ్చాడు. కూతురిల్లు ఆ పక్క వీధిలోనే. పురిటింట్లో మగవాడికేం పని? ఆయన ఆటోనగర్‌లో లారీ మెకానిక్‌గా జీవితమంతా గడిపిన మనిషి. సాయంత్రం నడకకని బయల్దేరి మేనల్లుడి గ్యారేజీ దగ్గర ఆగిపోయేవాడు.

మొదటి సాయంత్రం వచ్చేసరికి మేనల్లుడు వెనక చక్రం దగ్గర నేల మీద పడుకుని సుత్తితో బాదుతున్నాడు. ఈ బండికి వెనక కింది చేతిని చక్రం భాగానికి కలుపుతూ ఒక పొడుగాటి పిన్ను ఉంటుంది. ముందు వైపు ఒక రబ్బరు బుష్, వెనక వైపు ఒక రబ్బరు బుష్. బుష్ లోపలి ఇనప గొట్టానికీ పిన్నుకీ తుప్పు పట్టి రెండూ ఒకటైపోతాయి. 240జెడ్ విప్పినవాళ్ళందరినీ ఏడిపించే పిన్ను అది.

"ఎంతసేపట్నుంచి కొడుతున్నావురా?"

"మూణ్ణాలుగు రోజులైంది మామయ్యా. నాకంటే ముందు ఎవడో కొట్టినట్టున్నాడు. చూడు, కొస చితికిపోయింది, మరలు పోయాయి. వెధవ పని."

మామయ్య లుంగీ ఎగగట్టి పక్కన కూర్చున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఫోను లైటు వేయమన్నాడు. పిన్ను కొస వంక చూడనే లేదు. మధ్యలో, మట్టీ గ్రీజూ కలిసి పెంకు కట్టిన చోట స్క్రూడ్రైవరుతో గీకాడు. పెంకు ఊడింది. కింద వేలి గోరంత నట్టు ఒకటి కనబడింది.

"ఇదేంటి?"

"ఏమో మామయ్యా. చూడలేదు."

"కాటరు. మన లారీ ముందు యాక్సిల్‌కి కింగ్‌పిన్ను ఉంటుందా, దానికి అడ్డంగా ఇలాంటిదే ఉంటుంది. పిన్ను తిరక్కుండా పట్టుకుంటుంది. ఇది లోపలున్నంతసేపూ నువ్వు కాదు, మీ జేజమ్మ వచ్చి కొట్టినా కదలదు."

నట్టు పూర్తిగా తీయనివ్వలేదు ఆయన. కాటరు కొసతో సమంగా వచ్చేదాకా వదులు చేసి, నట్టు మీద ఇత్తడి ముక్క ఆనించి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేయించాడు. టక్ మని కాటరు పైకి లేచింది. పిన్ను అప్పటికీ రాలేదు, తుప్పు తుప్పే కదా. రాత్రంతా నూనె పట్టించి, మర్నాడు వేడి చేసి, ప్రెస్సు పెట్టి నొక్కితే కీచుమంటూ బయటికి వచ్చింది.

"పాత ఓనరు ఎంత తెలివితక్కువవాడో చూడు మామయ్యా. ఇది తీయకుండానే కొట్టాడు."

"నువ్వూ తీయకుండానే కొట్టావుగా."

మేనల్లుడు మాట్లాడలేదు.

"తెలివి తక్కువై కాదురా. అతనికి చెప్పినవాడు లేడు, నీకూ లేడు. అంతే."

పని సాగింది. కుళ్ళిన రేకు కోసి తీసేసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టారు. టింకరింగ్‌లో మామయ్య చెయ్యి నిదానం. వెల్డింగ్ వరసగా లాగనిచ్చేవాడు కాదు. ఇక్కడొక చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, చల్లారాక మధ్యలో మరొకటి. లేకపోతే పల్చటి రేకు వేడికి వంకర తిరుగుతుంది.

తర్వాత లైట్ల పని. ఈ బండిలో హెడ్‌లైట్ల కరెంటు మొత్తం స్టీరింగ్ పక్కనున్న స్విచ్చి గుండానే పోతుంది. మధ్యలో రిలేలు లేవు. కొత్తలో బాగానే ఉంటుంది, పాతబడేకొద్దీ స్విచ్చి లోపలి కాంటాక్టులు కాలి లైట్లు మసకబారతాయి. పార్కింగ్ లైట్ల ఫ్యూజు దగ్గరైతే వేడికి ఫ్యూజు పెట్టె ప్లాస్టిక్కే కరుగుతుంది. అందుకని తెలిసినవాళ్ళు రిలేలు పెడతారు. అప్పుడు స్విచ్చి మీద పిసరంత కరెంటే ఉంటుంది, లైట్లకు బ్యాటరీ నుంచి నేరుగా అందుతుంది. ఫ్యాక్టరీవాళ్ళు చేసినదానికంటే ఇది మంచి పద్ధతి. మార్పు అనేదే తప్పు అనేవాళ్ళకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మేనల్లుడు ఒక శనివారమంతా కూర్చుని రిలేలు పెట్టాడు. రాత్రి లైట్లు వేస్తే ఎదురింటి గోడ పగల్లా వెలిగింది. మామయ్య కూడా మెచ్చుకున్నాడు. తర్వాత బానెట్ కిందికి వంగి వైర్లు చూశాడు. ఒకే చుట్ట కొన్నాడు కాబట్టి అన్నీ నల్లవే.

"ఇందులో ఏది దేనిదిరా?"

"నాకు తెలుసు మామయ్యా. నేనేగా పెట్టింది."

"నీకు తెలుసు. బండి అమ్మేశాక?"

"నేను అమ్మను."

"నీకు అమ్మినవాడు కూడా కొన్నప్పుడు అలాగే అనుకుని ఉంటాడు."

"..."

"ఆ ఎర్ర వైర్లు పెట్టినవాడికి కూడా ఏది దేనిదో తెలుసురా. ఆ తెలిసింది తనతో పట్టుకుపోయాడు. నువ్వు రోజూ తిడుతున్నావే పాత ఓనరు పాత ఓనరని, వచ్చేవాడికి ఆ పాత ఓనరువి నువ్వే."

మేనల్లుడికి కోపం వచ్చింది. మర్నాడు గ్యారేజీ తలుపు తీయలేదు. సోమవారం రాత్రి తీశాడు. వెలుగుతున్న లైట్ల వైర్లన్నీ కత్తిరించి కింద పడేశాడు. ఫ్యాక్టరీ వర్క్‌షాప్ పుస్తకంలో ఏ వైరు ఏ రంగని ఉందో ఆ రంగులే తెప్పించి, కొసలకు నంబర్లున్న తొడుగులు వేసి, మొత్తం మళ్ళీ అల్లాడు. లైట్లు మునుపటికంటే ఒక్క పిసరు కూడా ఎక్కువ వెలగలేదు. చూసేవాడికి తేడా తెలియని పని అది.

అత్తయ్య దగ్గర రూళ్ళ నోటుపుస్తకం ఒకటి ఉంటే అడిగి తెచ్చుకున్నాడు. అందులో నాలుగు గళ్ళు గీశాడు. ముందు ఏముంది. నేనేం పెట్టాను. ఎందుకు. వెనక్కి తేవాలంటే ఎలా.

"మీ ఆటోనగర్‌లో ఇలా రాస్తారా మామయ్యా?" అని అడిగాడు.

"రాయం. మాకక్కర్లేదు. మా చేతి బండి తిరిగి మా దగ్గరికే వస్తుంది. గేర్‌బాక్సు దింపిన మనిషే మళ్ళీ దింపుతాడు. అడగడానికి మనిషి ఉంటాడు. ఇక్కడ నువ్వు అమ్మితే ఏ రాష్ట్రానికి పోతుందో బండి. నువ్వెక్కడో, వాడెక్కడో."

పుస్తకం మొదలుపెట్టాక ఒక సంగతి జరిగింది. రాయాలంటే చూడాలి కదా. చూస్తుంటే కార్బురేటర్ల దగ్గర ఆగిపోయాడు. 1973లో పొగ నిబంధనల కోసం ఈ బండికి బల్లపరుపు తల ఉన్న కార్బురేటర్లు పెట్టారు. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఆగితే వాటిలో పెట్రోలు వేడికి ఆవిరై బండి మొరాయించేది. అంతకు ముందు బండ్లకు ఉన్న గుండ్రటి తల హిటాచీలే నయమని చాలామంది వాటిని వెతికి తెచ్చి మార్చుకున్నారు. ఈ బండికి ఉన్నవి ఆ గుండ్రటివే. ఎవరో మార్చారు. శుభ్రంగా మార్చారు. లింకేజీతో సహా, కింద వేడి తగలకుండా ఉండే రేకుతో సహా, ఒక్క చిల్లు కొత్తగా పొడవకుండా. ఇన్నాళ్ళూ ఆ బండి ఎండలో ఆగకుండా నడిచింది ఆ పేరు తెలియని మనిషి పుణ్యమే. పాత ఓనరు ఒక్కడు కాదని అప్పుడు తట్టింది అతనికి. తిట్టడం మానేశాడు.

మామయ్య తిరిగి విజయవాడ వెళ్ళిపోయాడు. మేనల్లుడికి వెడల్పు చక్రాల మీద మోజు పుట్టింది. 1971లో జపాన్‌లో వచ్చిన 240జెడ్‌జీ అనే రకానికి చక్రాల పైన బయటి నుంచి బిగించిన వెడల్పు రెక్కలు ఉంటాయి. చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. అవి కొన్నాడు. అయితే వాటి కింద బాగా వెడల్పు టైరు తిరగాలంటే వెనక బాడీ అంచు కోయాలి. మార్కరుతో గీత గీశాడు, గ్రైండర్ ప్లగ్గు పెట్టాడు. కోసే ముందు రాయడం అలవాటైంది కాబట్టి పుస్తకం తీశాడు. ముందు ఏముంది: ఫ్యాక్టరీ అంచు. ఏం పెట్టాను: వెడల్పు రెక్కలు. ఎందుకు: అందంగా ఉంటాయి. నాలుగో గడిలో రాయడానికి ఏమీ తోచలేదు. కలం అక్కడే ఆగింది. గ్రైండర్ ప్లగ్గు పీకేశాడు. రెక్కలు అమ్మేసి, ఉన్న అంచు లోపలే పట్టే చక్రాలు కొన్నాడు.

మోజు మాత్రం ఇంకోచోట తీర్చుకున్నాడు. డబ్బు కూడబెట్టి మికూని కార్బురేటర్లు మూడు కొన్నాడు. ఒక్కో దానికి రెండేసి గొంతులు, ఆరు సిలిండర్లకు ఆరు. ఫ్యాక్టరీ బోల్టుల మీదే కూర్చుంటాయి, ఏదీ కోయక్కర్లేదు. వాటిని ఒక శ్రుతికి తేవడం మాత్రం మామూలు పని కాదు. ఆరు గొంతుల్లోనూ గాలి ఒకేలా లాగాలి. గాలి కొలిచే చిన్న మీటరు ఒక్కో గొంతుకీ ఆనించి, మర పావు వంతు తిప్పి, మళ్ళీ మొదటి గొంతు దగ్గరికి వచ్చి చూసుకుంటూ ఎన్ని ఆదివారాలు పోయాయో అతనికే తెలియదు. చివరికి కుదిరింది. కొండ దారిలో రెండో గేరులో కాలు నొక్కితే ఆ ఆరు గొంతులు కలిసి పలికే మోత విని తన జన్మ ధన్యమైందనుకున్నాడు. విప్పిన గుండ్రటి కార్బురేటర్లకు నూనె రాసి, మూతులకు గుడ్డ కట్టి, స్ప్రింగులూ వాషర్లూ విడివిడిగా సంచుల్లో వేసి చీటీలు అంటించి పెట్టెలో సర్దాడు.

కొన్నేళ్ళకు రెండో బిడ్డ పుట్టింది, ఉద్యోగం టెక్సాస్‌కి మారింది. అమ్మనన్న బండి అమ్మాల్సి వచ్చింది. శాక్రమెంటోలో ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒకామె కొనుక్కుంది. బండితోపాటు పెట్టె ఇచ్చాడు, సీట్ల వెనక పనిముట్ల కోసం ఉండే అరలో పుస్తకం పెట్టి ఇచ్చాడు. దాంట్లో తెలుగులో రాసుకున్న పేజీలన్నీ ఇంగ్లీషులో మళ్ళీ రాశాడు.

మూణ్ణెల్లకు ఫోను వచ్చింది.

"మీ మూడు కార్బురేటర్లు అద్భుతంగా పాడతాయి," అన్నదామె. "కానీ నేను తెల్లవారకముందే డ్యూటీకి పోవాలి. ఆ చలిలో అవి నాతో చాలాసేపు పేచీ పెడతాయి. పెట్టెలో ఉన్న పాత రెండూ మళ్ళీ బిగించుకుందామనుకుంటున్నాను. మీరు ఏమీ అనుకోరు కదా?"

అతనికి గుండె కలుక్కుమంది. ఆ ఆదివారాలన్నీ గుర్తొచ్చాయి. కాసేపు ఊరుకుని, "పుస్తకంలో కార్బురేటర్ల పేజీ తీయండి, నాలుగో గడి చూడండి," అన్నాడు. లింకేజీ దగ్గర చిన్న స్ప్రింగు ఒకటి ఉంటుందని, అది ఎగిరిపోతే దొరకదని, ముందు గుడ్డ పరిచి విప్పమని చెప్పాడు. ఆమె ఒక్క రోజులో మార్చుకుంది. రిలేలు ముట్టుకోలేదు. నేల రేకు ముట్టుకోలేదు. మికూనీలు నూనె రాసుకుని అదే పెట్టెలోకి వెళ్ళాయి.

కథ ఇంతే. నీతి ఏమిటంటే: చేతికొచ్చిన పాత వస్తువుకి మనమే ఆఖరి ఓనరు అనుకుని పని చేయకూడదు, మధ్య ఓనరు అనుకుని చేయాలి. మధ్యవాడికి రెండు బాకీలు ఉంటాయి. ముందువాడు ఎందుకు చేశాడో తెలుసుకున్నాకే విప్పాలి. తర్వాతివాడు విప్పగలిగేలా బిగించాలి. రెండో బాకీ కష్టమైనది. విప్పగలిగేలా బిగిస్తే విప్పుతారు. మన పనిని ఇంకొకరు పక్కన పెట్టే వీలు మన చేత్తోనే కల్పించి ఇవ్వాలి. ఫోనులో ఆ మనిషి కాసేపు ఊరుకున్నాడే, నీతి బరువంతా ఆ కాసేపట్లో ఉంది.

దీన్ని "ఏదీ మార్చకు" అని చదువుకోకూడదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్రతి మరా పవిత్రం అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో నాకు పేచీ ఉంది. కరిగిపోయే ఫ్యూజు పెట్టెను కరిగిపోయేలాగే ఉంచడం భక్తి కాదు, ఏదో ఒక రాత్రి బండి కాలిపోవడానికి దారి. ఆ పెట్టె చేసిన ఇంజనీర్లు ఒక ధరకు, ఒక గడువుకు కట్టుబడి చేశారు. యాభై ఏళ్ళు నడుస్తుందని లెక్క వేసి చేసి ఉండరు. నడుపుతున్నవాడు ఆ లెక్క మళ్ళీ వేసుకోవాల్సిందే.

"కోయకు" అని కూడా కాదు. ఇదే 240జెడ్‌ని పీట్ బ్రాక్ జట్టు రేసు కోసం తిరగదోడి, జాన్ మోర్టన్ చేత నడిపించి, 1970లోనూ 1971లోనూ అమెరికాలో సీ ప్రొడక్షన్ అనే తరగతి జాతీయ టైటిల్ కొట్టింది. 1971లో ఎడ్గార్ హెర్మన్, 1973లో శేఖర్ మెహతా ఇదే రకం బండిలో తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీ గెలిచారు. ఉగాండాలో పుట్టిన మన భారతీయ కుటుంబాల బిడ్డ ఆ మెహతా. ఆ బురదలో, ఆ రాళ్ళలో మామూలు బండి గెలవదు. అవసరం కోసం కోసిన కోత వేరు. మన మేనల్లుడి మూడో గడిలో "అందంగా ఉంటాయి" తప్ప ఇంకేమీ లేదు. నాలుగో గడి ఖాళీగా ఉండాలంటే మూడో గడి అంతకు తగినంత బరువుగా ఉండాలి.

ఇప్పుడు పాత బండ్లు బాగుచేసే పనికి కంపెనీలే దిగాయి కదా, మన రాతలతో పనేముంది అని కొందరంటారు. నిజమే, 1990లలో నిస్సాన్ తానే పాత 240జెడ్‌లను అమెరికాలో బాగుచేయించి అమ్మింది. మాజ్దా మొదటి తరం రోడ్‌స్టర్లను బాగుచేసి ఇస్తామని 2017లో ప్రకటించింది. టొయోటా పాత సుప్రాలకు కొన్ని భాగాలు మళ్ళీ తయారుచేస్తోంది. మంచి సంగతి, ఇంకా రావాలి. కానీ కంపెనీ రబ్బరు గొట్టం చేసి ఇవ్వగలదు, తలుపు చుట్టూ ఉండే బీడింగ్ చేసి ఇవ్వగలదు. నలభై ఏళ్ళ కిందట ఎవరో ఒక కుర్రాడు మీ బండి డాష్‌బోర్డు వెనక ఏ రెండు వైర్లు మెలిపెట్టాడో ఏ కంపెనీ దగ్గరా లేదు. ఆ సంగతి ఆ కుర్రాడే చెప్పాలి.

ఈ సంగతి ఒక్క డాట్సన్‌తో ఆగదు. అమెరికాలో పాతికేళ్ళు నిండిన బండికి దిగుమతి భద్రతా నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. అందుకే జపాన్‌లో అమ్మిన నిస్సాన్ స్కైలైన్ ఆర్32 జీటీఆర్‌లు 2014 నుంచి అక్కడ ఓడలు దిగడం మొదలుపెట్టాయి. ఏటేటా మరో ఏడాది బండ్లు ఆ పాతికేళ్ళ గీత దాటుతున్నాయి. జపాన్‌లో బండితోపాటు తనిఖీల రికార్డు పుస్తకం ఉంచుకోవడం ఆనవాయితీ, అది ఉన్న బండిని కొనేవాళ్ళు ఇష్టపడతారు. తనిఖీ ఎప్పుడు జరిగిందో, ఏ భాగం మార్చారో అందులో ఉంటుంది. వారాంతాల్లో సొంతంగా పెట్టుకున్న టర్బో, కొరియర్‌లో తెప్పించుకున్న కంప్యూటర్ పెట్టె, వాటికోసం తెంపిన వైర్లు అందులో ఉంటాయని నమ్మకం లేదు. కొనబోయేవాళ్ళు ధర మాట్లాడేముందు అమ్మేవాణ్ణి అడగాల్సింది ఇదే: ఏం మార్చావు, తీసినవి ఎక్కడున్నాయి?

ఇంట్లో ఈ పని మొదలుపెట్టేవాళ్ళకు ఒక్క మాట. ఫోనులో ఫొటోలు తీస్తున్నాం కదా అని ఊరుకోకండి. ఫోను మారితే ఫొటోలు మీతో వెళ్ళిపోతాయి, బండితో వెళ్ళవు. కాగితం మీద రాయండి. కుదిరినవే కాదు, కుదరనివి కూడా రాయండి. మన ఇంజనీరు పుస్తకంలో చక్రాల పేజీ ఒకటి ఉంది. కొంచెం వెడల్పు టైరు వేసి చూస్తే వెనక స్ప్రింగు కూర్చునే పళ్ళేనికి రాసుకుందని, ఏ సైజో, చక్రం ఎంత లోపలికి ఉందో, ఎటు మలుపు తిరిగితే రాసుకుందో రాసి, కొట్టేసి, "వద్దు" అని పక్కన రాశాడు. కొత్త టైర్లు కొనేముందు ఆ నర్సు ఆ పేజీ తీసి, షాపులో కౌంటరు మీద పెట్టి, కొట్టేసిన సైజు చూపించి అది తప్ప ఇంకోటి ఇమ్మంది.